ఎమ్మెల్యే దగ్గరి లెక్కల అయ్యోరు

నేను లెక్కల టీచర్ని. ఈ మాట పైకి చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగానే ఉంటుంది, ఎందుకంటే నా సర్వీసులో సగానికి పైగా నేను ఒక్క లెక్క కూడా చెప్పలేదు. నా జీతం క్యాసంబళ్ళి దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లో పడేది. నేను మాత్రం ఎమ్మెల్యే గారింటి ముందు గదిలో రెండు ఫోన్లు పెట్టుకొని కూర్చొనేవాణ్ణి. మా వైపు దీన్ని ఓఓడీ అంటారు. ఉద్యోగం ఒకచోట, చాకిరీ ఇంకోచోట. ఎమ్మెల్యేలకి పీఏలు కావాలి, చదువుకున్నవాళ్ళు చవగ్గా దొరికేది గవర్నమెంటు స్కూళ్ళలోనే. ఏడాదికోసారి ఆర్డరు పొడిగిస్తారు. రికార్డులో నేను స్కూల్లోనే ఉన్నట్టు లెక్క, కాబట్టి నా బదులు ఇంకొకర్ని అక్కడికి వేయరు. నేను పోను, ఇంకొకరు రారు. నా ప్రాణం తీసింది ఈ ఒక్క ముక్కే.

నేను పుట్టి పెరిగింది బంగారు గనుల ఊరు గోల్డ్ ఫీల్డ్స్‌లో. మా నాన్న గనుల ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో కన్నడం, నాన్న ఆఫీసు నుంచి మోసుకొచ్చే ఇంగ్లీషు. ఈ నాలుగూ జలుబు పట్టినట్టు వాటంతట అవే పట్టుకున్నాయి. అదేదో గొప్ప విద్య అని నేనెప్పుడూ అనుకోలేదు. మా వీధికి ఆకుకూరలు తెచ్చే ఆమె కూడా నాలుగు భాషల్లోనూ బేరమాడేది. అదే నా మెడకి చుట్టుకుంటుందని ఎవరికి తెలుసు?

మేమంతా పెద్దాయన అనే ఆ ఎమ్మెల్యేది బూదికోట వైపు పల్లె. రాగి చేలు, మామిడి తోట, పాడి. ఊళ్ళో పాల సంఘానికి అధ్యక్షుడిగా మొదలుపెట్టి, జిల్లా పంచాయతీకి గెలిచి, అక్కణ్ణించి ఎమ్మెల్యే అయ్యాడు. ఆయనకి నోరారా వచ్చింది తెలుగొక్కటే. కన్నడం స్టేజీ మీద మాట్లాడేంత వచ్చు. తమిళం రాదు, ఇంగ్లీషంటే భయం. ఎమ్మెల్యే అయిన కొత్తలో మా స్కూలుకి జెండా వందనానికి వచ్చాడు. ఆయన వస్తున్నాడని తెలిసి, ఇళ్ళ పట్టాల సంగతి అడగడానికి గనుల వైపు నుంచి కొందరు ఆడవాళ్ళు వచ్చి చుట్టుకున్నారు. అందరూ ఒకేసారి తమిళంలో. ఆయన నవ్వుతూ తలూపుతున్నాడు గానీ ఒక్క మాటా అర్థం కాలేదని ఆ కళ్ళే చెబుతున్నాయి. నేను మైకు పక్కన నిలబడి ఉన్నాను కాబట్టి, వాళ్ళ మాటలు తెలుగులో చెప్పాను, ఆయన మాటలు తమిళంలో చెప్పాను, పక్కనున్న ఆఫీసరుకి మొత్తం ఇంగ్లీషులో అప్పజెప్పాను. అయిపోయాక ఆయన మా హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగి, పక్కింటి పాదు మీద సొరకాయ అడిగినంత సులువుగా అడిగాడు.

"ఈ అయ్యోరిని నాకిచ్చేయండమ్మా. కొన్ని దినాలు మాత్రమే."

హెడ్మిస్ట్రెస్ నీళ్ళు నమిలింది. ఎమ్మెల్యే అడిగితే కాదనడం ఆమె చేతుల్లో లేదు. నా చేతుల్లో అసలే లేదు. ఆ వారంలోనే ఆర్డరు వచ్చింది.

మొదట్లో బాగానే ఉండింది, అబద్ధమెందుకు. తాలూకా ఆఫీసుకి పోతే గుమాస్తాలు కుర్చీ చూపించేవాళ్ళు. ఆస్పత్రిలో మంచం కావాలన్నా, కరెంటు స్తంభం మార్చాలన్నా నేను ఫోన్ చేస్తే పనయ్యేది. పట్టుగూళ్ళకి ధర పడిపోయిన ఏడాది రైతుల్ని వెంటేసుకొని బెంగళూరు దాకా పోయి మాట్లాడించాను. పెద్దాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే నా పని సులువయ్యేది, తిట్టుకొని బయటపడేవాణ్ణి. ఆయన తన కంచంలో ముద్ద తీసి నాకు పెట్టే రకం. కానీ జూన్ వచ్చి స్కూళ్ళు తెరిచేసరికి నాకు కాళ్ళు నిలవలేదు. పొద్దున ప్రార్థన గంట వేళకి నేను ఎవరిదో చావింట్లో పూలదండ పట్టుకొని నిలబడి ఉండేవాణ్ణి.

ఆ జూన్‌లోనే హెడ్మిస్ట్రెస్ పెద్దాయన ఇంటికి వచ్చింది. ఆమెది ముళబాగిలు పక్కన బైరకూరు. పొట్టిగా ఉంటుంది, మాట సూటిగా ఉంటుంది. పదో తరగతికి లెక్కలు చెప్పే దిక్కు లేదని, సైన్సు టీచరే లెక్కలూ చెప్పి పరీక్షలూ పెట్టడం కుదరదని, నన్ను పంపించాలని లేదా నన్ను ఆ పోస్టు నుంచి తీయించి ఇంకొకర్ని వేయించాలని అడిగింది. పెద్దాయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. కాఫీ తెప్పించాడు. అన్నీ విని, పిల్లోళ్ళు కూర్చోడానికి బెంచీలుండాయా అని అడిగాడు. ఆమె తత్తరపడి, కొన్ని విరిగినాయి సార్ అంది. నెల తిరక్కుండా బెంచీలు వచ్చేశాయి.

ఆయన ఆమెను ఎగతాళి చేశాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పాల సంఘంలో నేర్చుకున్న పద్ధతి అది. అడగవచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపకూడదు. అడిగింది ఇవ్వలేకపోతే చేతిలో ఉన్నది ఇవ్వాలి. పశువుల డాక్టరు కావాలన్న ఊరికి దాణా బస్తాలు పంపేవాడు, రోడ్డు అడిగినవాళ్ళకి గుడికి మైకు సెట్టు ఇచ్చేవాడు. జనం సంతోషంగానే పోయేవాళ్ళు. మళ్ళీ మళ్ళీ గెలిపించారు కూడా. లెక్కల టీచరు బదులు బెంచీలిస్తే లెక్క సరిపోయిందని ఆయన నిజంగానే నమ్మాడు.

అక్కణ్ణించి ఆయన రాజకీయ జీవితం మొత్తం మా స్కూలు ఆవరణలో చూడొచ్చు. రెండోసారి గెలిచాక హెడ్మిస్ట్రెస్ మళ్ళీ వచ్చి లెక్కల సార్ కావాలంది, కాంపౌండు గోడ వచ్చింది. కొన్నాళ్ళు సహాయ మంత్రి అయ్యాడు, ఆమె మళ్ళీ అడిగింది, మేడ మీద రెండు గదులు లేచాయి. మంత్రి పదవి ఊడి ఏదో బోర్డుకి చైర్మన్‌గా వేశారు, అప్పుడు గోడ మీద బొమ్మ పడే ప్రొజెక్టరు వచ్చింది. అన్నిటి మీదా ఆయన పేరుతో శిలాఫలకాలు. వాటి ప్రారంభోత్సవాలన్నిటికీ నేనే వందన సమర్పణ చేశాను. ఒకసారి వేదిక దిగుతుంటే హెడ్మిస్ట్రెస్ నా పక్కకి వచ్చి, మెల్లిగా, ఈసారి మిమ్మల్ని ఇమ్మని అడిగితే ఏమిస్తాడో సార్, స్విమ్మింగు పూలా అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

నేను అడగలేదనుకోకండి. బూదికోట నుంచి తిరిగొస్తూ కారులో మొదటిసారి అడిగాను. అన్నా, నన్ను స్కూలుకి పంపించేయండి అన్నాను. ఆయన కిటికీలోంచి బయటకి చూసి, నీకేం తక్కువ చేసినానప్పా అన్నాడు. అంతే. మర్నాడు మా ఇంటికి బుట్టెడు మామిడికాయలు వచ్చాయి. మా ఆవిడ ఆ బుట్టను చూసి, స్కూలుకి గోడ, మనకి మామిడికాయలు, ఇంగ నువ్వు ఈ జన్మకి రావులే అంది. ఆమెకి బ్యాంకులో ఉద్యోగం. పొద్దున రైల్లో పోయి రాత్రికి వచ్చినా ఆమె దినమంతా తన పనే తాను చేసుకొని వస్తుంది. నేను మా ఇంటి పక్కనే ఉన్న ఎమ్మెల్యే గారి గేటులోకి పోయినా నా పని నేను చేయను. ఒకరోజు విసుగెత్తి, నువ్వు అయ్యోరివా, ఎమ్మెల్యేకి చిన్న పెళ్ళామా అని కూడా అడిగేసింది. కోపం వచ్చింది. అంతలో ఫోను మోగితే ఎత్తుకొని బయటికి పోయాను.

చావులకీ దినాలకీ పెద్దాయన పోలేనప్పుడు నన్ను పంపేవాడు. బైరకూరులో ఒక దినానికి పోయినప్పుడు, పందిట్లో ఎవరో ఎమ్మెల్యే రాలేదా అని అడిగారు. ఇంటాయన నన్ను చూపించి, అయ్యోరొచ్చినాడు గదా, ఇద్దరూ ఒగటే అన్నాడు. అది మర్యాదకి అన్నమాటే. నేను మాత్రం ఆకులో సగం అన్నం వదిలేసి లేచాను. ఇద్దరూ ఒకటే అయితే నేను ఎక్కడున్నట్టు?

ఊరికే కూర్చోవాల్సి వచ్చినప్పుడు పెళ్ళి పత్రికల వెనకాల తెల్లగా ఉన్నచోట పదో తరగతి లెక్కలు చేసుకొనేవాణ్ణి. చేయి మర్చిపోకూడదని. ఒక మధ్యాహ్నం చిన్న త్రికోణమితి లెక్క దగ్గర ఆగిపోయాను. ఎంత ఆలోచించినా రెండో మెట్టు గుర్తు రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి తన పించను గురించి చెప్పుకుంటూ పోతున్నాడు, నేను తలూపుతున్నాను, లోపల మాత్రం ఒకటే భయం. పెద్దాయన నన్ను వదిలే నాటికి నా దగ్గర పిల్లలకి చెప్పడానికి ఏమీ మిగలదేమో అని.

అన్నిటికన్నా కష్టమైనది రిసార్టు. ప్రభుత్వం పడుతుందా నిలుస్తుందా అన్న రోజుల్లో ఎమ్మెల్యేలు జారిపోకుండా వాళ్ళ పార్టీవాళ్ళే బస్సులో ఎక్కించుకొని ఎక్కడో రిసార్టులో పెట్టడం మన రాష్ట్రంలో మామూలయిపోయింది కదా. ఆ ఏడాది పదో తరగతి పరీక్షల ముందు సెలవు పెట్టయినా వచ్చి ఒక వారం లెక్కలు తిరగేయిస్తానని హెడ్మిస్ట్రెస్‌కి మాటిచ్చాను. పెద్దాయన కూడా సరే అన్నాడు. నేను పోవాల్సిన రోజు పొద్దునే బస్సు వచ్చింది. ఆయన బీపీ మాత్రలు నా దగ్గర ఉంటాయని నన్నూ ఎక్కించారు. బస్సెక్కగానే ఫోన్లు తీసేసుకున్నారు. నేను రావడం లేదని ఆమెకి చెప్పడానికి కూడా దారి లేకపోయింది.

లోపల అంతా పచ్చగడ్డి, కొలను, ఎప్పుడంటే అప్పుడు తిండి. చుట్టూ మనిషి ఎత్తు కన్నా పెద్ద గోడ, గోడ పొడుగునా కాపలా. మిగతావాళ్ళు పేకాటలో పడ్డారు. పెద్దాయనకి పేకాట రాదు. పొద్దునా సాయంత్రం మేమిద్దరం ఆ గోడ పక్కనే నడిచేవాళ్ళం. సీమావు ఈనే దినాలని, ఇంట్లో వాళ్ళకి చేతకాదని ఆయన బెంగ. పదో తరగతి గదిలో పిల్లలు నా కోసం తలుపు వైపు చూస్తుంటారని నా బెంగ. ఒక సాయంత్రం నడుస్తూ నడుస్తూ ఆయన ఆగి, గోడను చేత్తో తట్టి చూసి అన్నాడు.

"పశువుల్ని కట్టేసినట్టు కట్టేసినారు గదప్పా మనల్ని. పలుపు యాడుండాదో కనపడదు, అంతే."

నన్ను కట్టేసింది ఎవరన్నా అని అడగాలనుకున్నాను. ఆయన ముఖం చూస్తే జాలేసింది. నా జాలి మీద నాకే ఒళ్ళు మండింది. మమ్మల్ని వదిలేసరికి పరీక్షలు మొదలైపోయాయి. ఆ ఏడాది మా స్కూల్లో లెక్కలు తప్పినవాళ్ళే ఎక్కువ. తర్వాతి జూన్‌లో చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోయి ప్రైవేటు బడుల్లో వేశారు. పసుపు రంగు వ్యాన్లు మా కొత్త గోడ పక్కనుంచే పోయేవి. హెడ్మిస్ట్రెస్ ఆ జూన్‌లో పెద్దాయన ఇంటికి రాలేదు. అడగడం మానేసింది.

ఆ తర్వాతి ఎన్నికలకి పార్టీవాళ్ళు ఆయన సీటు వేరే కుర్రాడికి ఇవ్వాలనుకున్నారు. ఊరికే తీసేస్తే జనం ఊరుకోరు. అందుకని పైనుంచి కబురు వచ్చింది. పెద్దాయనని గవర్నరుగా వేశారు. మన భాష లేని, మన తిండి దొరకని, ఎక్కడో కొండల్లో ఉన్న రాష్ట్రానికి. వీధంతా టపాసులు. మనిషికొక దండ, పైన ఇంకొక దండ. బూదికోట నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. పాల సంఘం నుంచి రాజభవనం దాకా అని ఎవరో బ్యానరు కట్టారు. ఆయన అందరికీ చేతులు జోడించి, జనం పలచబడ్డాక నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపేశాడు. దండలు తీయకుండానే మంచం మీద కూలబడ్డాడు.

తనను పైకెక్కించి అవతల పారేస్తున్నారని, అది తనకి తెలియక కాదని, కాదంటే ఉన్న మర్యాద కూడా పోతుందని చెప్పాడు. చెబుతూ చెబుతూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. కాస్త తేరుకొని, నువ్వూ వచ్చేయి, ఆర్డరు నేను మాట్లాడతాను, అక్కడ నీకూ క్వార్టర్సు ఇస్తారు అన్నాడు.

నేను రానన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

"నేను రాలేనన్నా. నన్ను స్కూలుకి పంపించేయండి."

"నేనీడ చచ్చిపోతా ఉంటే నీకు స్కూలు ముఖ్యమా?"

"ముఖ్యమే అన్నా. నేను లెక్కలు చెప్పేవాణ్ణి. అది కూడా మర్చిపోతా ఉండాను."

బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆయన దండలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, పోప్పా, పో అన్నాడు. దీవెనో కోపమో తెలియలేదు. ఈసారి మాత్రం గోడ గానీ గది గానీ ఇవ్వలేదు, అడిగిందే ఇచ్చాడు. ఆయన విమానం ఎక్కిన వారానికి నా రిలీవింగు ఆర్డరు చేతికొచ్చింది.

స్కూలుకి పోయేసరికి పదో తరగతిలో ముందు రెండు వరసల బెంచీలే నిండాయి. మిగతావి ఖాళీ. హెడ్మిస్ట్రెస్ నన్ను చూసి కూర్చోమని కూడా అనలేదు. టైంటేబుల్ చేతికిచ్చి, రెండో పీరియడు మీదే సార్ అంది. మొదటి రోజు బోర్డు మీద ఒకే మెట్టు రెండుసార్లు తుడిచి రాశాను. రెండో వారానికి సర్దుకుంది. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. సాయంత్రం ఇంటికి పోతే చొక్కా నిండా సుద్దపొడి. మా ఆవిడ దులుపుకోమని కూడా అనేది కాదు.

అప్పుడు పెద్దాయన ఫోన్లు మొదలయ్యాయి. రోజూ రెండో పీరియడు మధ్యలో. అక్కడ పొద్దుటి పరేడూ పలకరింపులూ అయిపోయి ఆయనకి తీరిక దొరికేది అప్పుడే. మొదట రెండు మాటలే కదా అని వరండాలోకి పోయి మాట్లాడాను. బూదికోటలో వాన పడిందా? ఫలానా ముసలాయన దినానికి ఎవరు పోయినారు? మామిడి పూత నిలిచిందా? ఆయన భవనంలో ఎన్ని గదులున్నాయో ఆయనకే తెలియదట. బయట కాలు పెట్టాలంటే ముందూ వెనకా పోలీసులు. వంటవాడికి రాగిసంగటి గెలకడం నేర్పబోతే, మీరు వంటింట్లోకి రాకూడదని ఎవరో ఆఫీసరు చెప్పాడట. దినమంతా ఇంగ్లీషు, దాని మీద వాళ్ళ భాష. నాతో మాట్లాడేటప్పుడే నోరు తెరిచినట్టు ఉంటాదప్పా అనేవాడు. రెండు మాటలు కాస్తా సగం పీరియడు అయ్యాయి. నేను తిరిగి గదిలోకి పోయేసరికి పిల్లలు ఊరికే కూర్చొని తలుపు వైపు చూస్తూ ఉండేవాళ్ళు.

ఒకరోజు ఫోను గదిలోకి తీసుకుపోలేదు. కాసేపటికి హెడ్మిస్ట్రెస్ ఆఫీసు ఫోను మోగింది. రాజభవనం నుంచి అన్నారట. ఆమె వరండాలో పరుగెత్తుకుంటూ వచ్చి, తలుపు దగ్గర ఆగి, నన్నూ బోర్డునూ చూసి, అక్కడే నిలబడింది. నేను సుద్దముక్క కింద పెట్టి ఆమె వెంట పోయాను. రిసీవరు ఎత్తాను.

"ఏమప్పా, ఫోనెత్తవు? వొంట్లో బాగుండాదా?"

"బాగుండానన్నా. క్లాసులో ఉండాను. ఇంగ మీరు ఈ టయానికి ఫోన్ చేయొద్దన్నా. పిల్లోళ్ళు కాసుకోనుండారు."

సాయంత్రం చేయండన్నా అని అనేసి ఉంటే సరిపోయేది. అనలేదు. ఒక్క సందు వదిలితే ఆయన అందులోంచి మళ్ళీ నా లోపలికి వచ్చేస్తాడని తెలుసు. అవతల ఎవరో తలుపు తీసి మూసినట్టు వినిపించింది.

"మరి నేనెవురితో మాట్లాడేదప్పా?" అన్నాడు.

ఆయనే ఫోను పెట్టేశాడు. హెడ్మిస్ట్రెస్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను వరండా మీదుగా నడిచి గదిలోకి పోయాను. ఆపిన లెక్క బోర్డు మీద సగంలో ఉంది. ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. తుడిచేసి, మొదటి నుంచి మొదలుపెట్టాను.